అదనపు సున్నాకు డబ్బు పెట్టకండి

పాత కంప్యూటర్‌లో నాలుగు హార్డ్ డిస్కులు బిగించి, ఇంటిల్లిపాది ఫొటోలూ వీడియోలూ దాచే సర్వర్ చేసుకుందామనుకునేవారి కోసం ఈ సలహాలు. వీటిలో చాలావరకు తలకిందులుగా వినిపిస్తాయి. డిస్కులు అమ్మేవారు చెప్పేదానికీ, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఫోన్లో చెప్పేదానికీ ఎదురెళ్తాయి. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. కారణాలు కూడా చెబుతాను, వాటిని చూసి మీరే తేల్చుకోండి.

కృష్ణా డెల్టాలో ఇది చిన్న అవసరమేం కాదు. పిల్లలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డారు. ఇంటి జ్ఞాపకాలు మాత్రం పటమటలోనో గుడివాడలోనో ఉండిపోయాయి. క్యాసెట్ల నుంచి ఎక్కించిన పెళ్లి వీడియోలు, కూచిపూడి అరంగేట్రాలు, తాతగారి గొంతు, పొలం కాగితాల స్కాన్లు కలిపితే ఒక్కో ఇంటికి మూడు నాలుగు టెరాబైట్లు తేలిగ్గా అవుతాయి. ఫొటో స్టూడియో నడిపేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటిలో చాలావాటికి ఇంకో ప్రతి ఉండదు. క్యాసెట్‌కు బూజు పట్టి పారేశాక, ఇక మిగిలింది డిస్కు మీద ఉన్నదే. అందుకే ఈ విషయంలో ఇంత పట్టుగా మాట్లాడుతున్నాను.

ఆ వరుస చదవండి, చూసి బెదరకండి

డిస్కు గురించి కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో, ఎక్కడో అడుగున ఒక వరుస ఉంటుంది. ఎన్ని బిట్లు చదివితే ఒక్కసారి చదవలేని తప్పు రావచ్చో చెప్పే వరుస అది. మామూలు డిస్కులకు 10¹⁴ బిట్లకు ఒకటి అనీ, ఖరీదైనవాటికి 10¹⁵ బిట్లకు ఒకటి అనీ వేస్తారు. కొన్ని కాగితాల మీద 10¹⁵ బిట్లకు పది అని కూడా కనిపిస్తుంది. పది తీసేసి చూస్తే అది 10¹⁴కు ఒకటే. ఘాతంలో పెద్ద అంకె కనబడగానే మంచి డిస్కు అనుకోకండి.

10¹⁴ అంటే మన లెక్కలో సరిగ్గా కోటి కోట్లు. కోటి కోట్ల బిట్లను ఎనిమిదితో భాగిస్తే 12.5 లక్షల కోట్ల బైట్లు. డిస్కు భాషలో 12.5 టెరాబైట్లు. భయం ఇక్కడే మొదలవుతుంది. నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగు తీసుకుని రెయిడ్ 5లో పెట్టారనుకోండి. ఏ ఒక్క డిస్కు చచ్చినా, మిగతా మూడింటిని మొదటినుంచి చివరిదాకా చదివి, పోయినదాన్ని మళ్లీ కట్టుకునే (రీబిల్డ్) పద్ధతి అది. మూడు డిస్కులంటే 12 టెరాబైట్లు చదవాలి. కోటి కోట్ల బిట్లకు ఒక తప్పు నిజంగా వచ్చేటట్టయితే, ఏ తప్పూ లేకుండా ఆ చదువు పూర్తయ్యే అవకాశం నూటికి 38 మాత్రమే. 2007లో రాబిన్ హారిస్ అనే రచయిత జెడ్‌డీనెట్‌లో ఈ తరహా లెక్కే వేసి, 2009కల్లా రెయిడ్ 5 పనికిరాకుండా పోతుందని రాశాడు. ఆ లెక్క ప్రపంచమంతా పాకింది. ఇవాళ్టికీ పాకుతూనే ఉంది.

దాన్ని పట్టుకునే అమ్మేవారు ఒక సున్నా ఎక్కువున్న రెండో డిస్కు చూపిస్తారు. 10¹⁵ డిస్కులైతే అదే చదువులో తప్పు వచ్చే అవకాశం నూటికి తొమ్మిదికి పడిపోతుంది. కూడికల్లో, భాగహారాల్లో తప్పు లేదు. లెక్క మొదలుపెట్టిన చోటే తప్పుంది.

ఆ అంకె ముందు చిన్న గుర్తు ఉంటుంది, 'కంటే తక్కువ' అని. కొన్ని కంపెనీలు దాని బదులు 'గరిష్ఠం' అని వేస్తాయి. ఇంతకంటే ఎక్కువ తప్పులు రావని కంపెనీ తన మీద వేసుకున్న హద్దు అది. మీ డిస్కుకు ఇన్ని తప్పులు వస్తాయన్న జోస్యం కాదు. కొలిచి చెప్పిన సగటు కూడా కాదు. 2005లో కొన్ని వందల గిగాబైట్ల డిస్కుల మీదా ఇదే 10¹⁴ ఉండేది, ఇప్పటి ఎనిమిది టెరాబైట్ల డిస్కుల మీదా ఎన్నోచోట్ల ఇదే ఉంది. డిస్కు ఇన్ని రెట్లు పెరిగినా కదలని అంకెను కొలత అని ఎలా నమ్ముతాం?

కొలిచినవాళ్లు ఉన్నారు. 2005 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు జిమ్ గ్రే, కేథరీన్ వాన్ ఇంగెన్ చవక డిస్కుల గుండా రెండు పెటాబైట్ల డేటా నడిపించి చూశారు. కాగితం మీది అంకె ప్రకారం 160 తప్పులు రావాలి. వాళ్లకు కనిపించినవి అయిదు. కంట్రోలర్ కార్డులు పాడవడం, అప్‌డేట్ల కోసం యంత్రాలు రీస్టార్ట్ కావడం అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. చదవలేని తప్పులు రావన్నది వాళ్ల మాట కాదు. వస్తాయి, కానీ మిగతా కష్టాలతో పోలిస్తే అరుదు అన్నారు.

రెండేళ్ల తర్వాత లక్ష్మీ బైరవసుందరం, ఆయన సహచరులు నెట్‌యాప్ సంస్థ వాడుకదారుల దగ్గరున్న 15.3 లక్షల డిస్కుల 32 నెలల రికార్డులను విశ్లేషించారు. ఒక్క చదవలేని సెక్టారైనా తేలిన డిస్కులు నూటికి 3.45 మాత్రమే. ఇందులో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. తప్పు చేసిన డిస్కే మళ్లీ మళ్లీ తప్పు చేస్తోంది, అదీ పక్కపక్క చోట్లలో. అంటే తప్పులు అన్ని డిస్కులకూ సమానంగా పంచినట్టు రావు, కొన్నింటి మీదే గుంపుగా పడతాయి. కోటి కోట్లకు ఒకటి అనే లెక్క పనిచేయాలంటే ప్రతి బిట్టూ విడివిడిగా, ఒకే రకంగా పాడవ్వాలి. నిజం డిస్కు అలా పాడవ్వదు.

చవక తరగతి డిస్కుల్లో ఖరీదైనవాటికంటే తప్పులు ఎక్కువని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. దాన్ని దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు. తేడా ఉంది. అయితే నాలుగు డిస్కులకూ ఆ తేడా కట్టే డబ్బు కలిపి చూడండి. చాలాసార్లు దాంతో ఇంకో డిస్కు వస్తుంది, లేదా దానికి దగ్గరగా వస్తుంది. ఆ ఇంకో డిస్కే మీ రెండో కాపీ. సున్నా కొన్నవారికి తప్పు వచ్చే అవకాశం తగ్గుతుంది. రెండో కాపీ ఉన్నవారికి తప్పు వచ్చినా పోయేదేమీ ఉండదు.

ఇంతకీ ఒక తప్పు వస్తే ఎంత పోతుంది? ఇప్పటి డిస్కుల్లో ఒక సెక్టారు 4,096 బైట్లు. అందులో కొన్ని బిట్లు పాడైతే డిస్కు తన దగ్గరున్న సరిదిద్దే కోడ్‌తో వాటిని బాగుచేసుకుంటుంది. బాగుచేయలేనంత పాడైతే ఆ 4,096 బైట్లూ ఇవ్వనంటుంది. పెళ్లి వీడియోలో అది ఒక్క క్షణం చెదిరిన బొమ్మ. ఫొటోలో అయితే ఆ చోటు నుంచి కిందికి రంగులు చెదరవచ్చు. బాధే, కానీ ఇల్లంతా పోయినట్టు కాదు. ఒక్క తప్పుకే మొత్తం రీబిల్డ్ ఆపేసి చేతులు దులుపుకున్న పాత రెయిడ్ కార్డుల వల్ల ఈ భయం అంత పెద్దదైంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడితే ఆ తప్పు ఏ ఫైలులో పడిందో పేరు చెప్పి, మిగతా పని పూర్తి చేస్తుంది. ఆ ఒక్క ఫైలు రెండో కాపీలోంచి తెచ్చుకోవచ్చు.

డిస్కును తీరిగ్గా ఉండనివ్వకండి

"ఊరికే తిప్పితే అరిగిపోతుంది, అవసరమైనప్పుడే ఆన్ చెయ్యి" అని పెద్దవాళ్లు చెబుతారు. వస్తువుల మీద గౌరవంతో చెప్పే మాట అది. హార్డ్ డిస్కు విషయంలో మాత్రం నష్టం తెస్తుంది.

చదవలేని సెక్టారు పుట్టిన రోజున మీకు తెలియదు. దాన్ని చదవబోయిన రోజునే తెలుస్తుంది. 2011 నాటి పెళ్లి వీడియోను మళ్లీ ఎవరు తెరుస్తారు? ఆ సెక్టారు ఏళ్ల తరబడి అలాగే ఉండి, ఇంకో డిస్కు చచ్చి రీబిల్డ్ మొదలైన రోజున బయటపడుతుంది. సరిదిద్దుకునే దారి మూసుకుపోయిన సమయం సరిగ్గా అదే. బైరవసుందరం బృందమే 2008లో ఇంకో అధ్యయనం చేసింది. అందులో డేటాకూ, దాని నుంచి లెక్కగట్టి దాచిన చెక్‌సమ్‌కూ పొంతన కుదరని సందర్భాలు నాలుగు లక్షలకు పైగా దొరికాయి. వాటిలో నూటికి ఎనిమిది రెయిడ్‌ను తిరిగి కట్టే సమయంలోనే కనిపించాయి.

అందుకని నెలకోసారి డిస్కు మొత్తం చదివించండి. దీన్ని స్క్రబ్ అంటారు. అన్ని డిస్కులూ బతికుండగా తప్పు దొరికితే, మిగతా డిస్కుల నుంచి సరైనది లెక్కగట్టి అక్కడికక్కడే తిరగరాస్తుంది. డెబియన్ లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ పెట్టుకుంటే నెలలో మొదటి ఆదివారం ఈ పని దానంతటదే జరిగేలా ఏర్పాటు ఉంటుంది. కొనుక్కున్న నాస్ బాక్సుల్లో (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కు పెట్టెల్లో) చాలావాటికి మనమే షెడ్యూల్ పెట్టాలి. బాక్సు కొన్నరోజే పెట్టేయండి.

అరుగుదల సంగతా? ఇంటి నాస్ కోసం అమ్మే డిస్కులకు ఏడాదికి 180 టెరాబైట్ల పని అని కంపెనీలు హద్దు వేస్తుంటాయి. ఎనిమిది టెరాబైట్ల డిస్కును నెలనెలా పూర్తిగా చదివితే ఏడాదికి 96. మన వాడకం కలుపుకున్నా ఇంకా చోటు మిగులుతుంది.

ఇంకో సంగతి. చదవలేనని చెప్పే డిస్కు నిజాయితీ గలది. తప్పుడు బిట్లను సరైనవన్నట్టు ఇచ్చే సందర్భాలు కూడా ఉంటాయి. పాడైన మెమొరీ వల్ల, కేబుల్ వల్ల, డిస్కు లోపలి ప్రోగ్రాం వల్ల అలా జరగొచ్చు. మామూలు రెయిడ్‌కు రెండు ప్రతులు కలవడం లేదని తెలుస్తుంది గానీ, ఏది నిజమో తెలియదు. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ప్రతి ముక్కకూ చెక్‌సమ్ రాసి పెట్టుకుంటాయి కాబట్టి వాటికి తెలుస్తుంది. వివరాల కాగితంలోని 10¹⁴ అంకె ఈ మౌనంగా వచ్చే తప్పుల గురించి ఒక్క మాట కూడా చెప్పదు.

తొందరగా చేతులెత్తేసే డిస్కే కొనండి

పట్టు వదలని డిస్కు మంచిదనిపిస్తుంది. రెయిడ్‌లో అదే కొంప ముంచుతుంది.

కంప్యూటర్ల కోసం తయారైన మామూలు డిస్కు, చదవలేని సెక్టారు ఎదురైతే పదేపదే ప్రయత్నిస్తూ ఉంటుంది. నిమిషమూ పట్టవచ్చు, ఇంకా ఎక్కువా పట్టవచ్చు. ఈలోగా లినక్స్ 30 సెకన్లు చూసి, డిస్కు పలకడం లేదని దాన్ని రీసెట్ చేస్తుంది. రెయిడ్ దాన్ని చచ్చినవాటి లెక్కలో వేసి బయటికి తోసేయవచ్చు. ఒక్క సెక్టారు పోవాల్సిన చోట డిస్కంతా పోతుంది. ఇంటి సర్వర్లలో రెండు డిస్కులు ఒకేసారి చచ్చాయని వినే కథల వెనక చాలాసార్లు ఈ తతంగమే ఉంటుంది. రెండో డిస్కు నిజంగా చచ్చి ఉండదు.

నాస్ డిస్కులు ఏడు సెకన్లు ప్రయత్నించి, ఇది నావల్ల కాదని చెప్పేస్తాయి. రెయిడ్ వెంటనే మిగతా డిస్కుల నుంచి ఆ ముక్క తెచ్చి తిరగరాస్తుంది. కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టదలచుకుంటే 10¹⁵ కోసం కాదు, ఈ గుణం కోసం పెట్టండి. ఇప్పటికే కొన్న డిస్కు ఏదైనా, స్మార్ట్‌సీటీఎల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఈ గడువు ఎంతుందో చూడవచ్చు, కొన్నింటిలో మార్చవచ్చు కూడా. చాలా డిస్కులు కరెంటు పోయి వస్తే ఆ మార్పు మరిచిపోతాయి, అందుకే సర్వర్ మొదలైన ప్రతిసారీ అది జరిగేలా పెట్టుకోవాలి. మార్చడానికి వీల్లేని డిస్కయితే, లినక్స్ ఎదురుచూసే 30 సెకన్లను 180కి పెంచండి.

ఒకే డిస్కు ఉండి, వేరే కాపీ లేనివారికి ఈ సలహా వర్తించదు. వారికి మొండి డిస్కే మేలు. కానీ వారు ముందు కొనాల్సింది ఇంకో డిస్కు.

నాలుగూ ఒకే రకం తీసుకోకండి

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు, ఒకే అట్టపెట్టెలోంచి నాలుగు తీయడం అందంగా ఉంటుంది. ఒకే బ్యాచ్‌లో లోపం ఉంటే నాలుగింటికీ ఉంటుంది, ఒకే వయసులో బయటపడుతుంది. గవర్నర్‌పేటలో రెండు, ఆన్‌లైన్‌లో రెండు తీసుకోండి. ఒక రకంలో రెండు, ఇంకో రకంలో రెండు. సైజు ఒకటైతే చాలు.

తప్పుల రేటు కంటే ముందు చూడాల్సిన మాట ఒకటుంది. డిస్కు సీఎంఆరా, ఎస్‌ఎంఆరా? సీఎంఆర్‌లో ట్రాకులు విడివిడిగా రాస్తారు, ఎస్‌ఎంఆర్‌లో ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా రాస్తారు. ఆగకుండా రాయాల్సి వస్తే అది బాగా నెమ్మదిస్తుంది. రీబిల్డ్ అంటేనే ఆగకుండా రాయడం. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలో, నాస్ కోసమని అమ్మిన 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని ఒప్పుకుంది. అంతవరకూ ఆ సంగతి కాగితం మీద లేదు. గొడవ అయ్యాకే కంపెనీలు మోడల్ వారీగా జాబితాలు పెట్టాయి. కొనేముందు మోడల్ నంబరుతో ఆ జాబితా చూడండి.

'పాస్' అన్న మాటకు ధైర్యపడకండి

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పైన 'పాస్' అని పెద్దగా ఉంటుంది. కిందికి దిగి 5, 197, 198, 199 నంబర్ల వరుసలు చూడండి. మొదటి మూడూ చెడిన సెక్టార్లవి. 199 మాత్రం డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య దారిలో వచ్చిన తప్పులు చెబుతుంది. అది పెరుగుతుంటే డిస్కు మార్చకండి, కేబుల్ మార్చండి.

సున్నాలే ఉన్నా నిశ్చింతగా ఉండటానికి లేదు. 2007లో గూగుల్ తన డిస్కుల మీద చేసిన అధ్యయనంలో, చచ్చిన డిస్కుల్లో నూటికి 56కి పైగా, ఆ అధ్యయనం గట్టివని తేల్చిన నాలుగు సూచికల్లో ఒక్కటీ చూపకుండానే చచ్చాయి. అదే అధ్యయనంలో మొదటి స్కాన్ తప్పు (డిస్కు తన ఉపరితలాన్ని తానే తనిఖీ చేసుకున్నప్పుడు దొరికే తప్పు) కనిపించిన డిస్కు, తర్వాతి 60 రోజుల్లో చచ్చే అవకాశం తప్పులేని డిస్కుకంటే 39 రెట్లని తేలింది. కాబట్టి సూచిక కదిలితే వెంటనే నమ్మండి, కదలకపోతే దాన్ని భరోసా అనుకోకండి.

బ్యారేజీ దగ్గరి అంకె చూస్తూ కూర్చోకండి

2024 సెప్టెంబరు మొదటి వారం విజయవాడ వరద గుర్తుచేసుకోండి. ప్రకాశం బ్యారేజీ గరిష్ఠంగా 11.9 లక్షల క్యూసెక్కులు తట్టుకునేలా కట్టినది. సెప్టెంబరు 2న దాని గుండా 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది. 2009 అక్టోబరు వరదలో వచ్చిన 11.10 లక్షలను దాటిన రికార్డు అది. టీవీల ముందు కూర్చుని ఆ అంకె ఎక్కడిదాకా ఎక్కుతుందోనని ఊరంతా చూసింది. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నా బ్యారేజీ నిలబడింది, కాగితం మీది హద్దు దాటలేదు. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మాత్రం మునిగాయి. ఆ నీళ్లు బ్యారేజీ దాటి రాలేదు. బుడమేరు వాగు పొంగి, దాని మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడి, అవతలి వైపు నుంచి వచ్చాయి. చాలా వీధుల్లో రోజుల తరబడి దిగలేదు.

డిస్కు కాగితం మీది 10¹⁴ సరిగ్గా బ్యారేజీ దగ్గరి అంకె లాంటిది. అది నిలబడుతుంది. మీ డేటా పోయేది బుడమేరు వైపు నుంచి. సర్వర్ పెట్టిన కింది గదిలోకి నీళ్లు వస్తాయి. దొంగలు బాక్సుతో సహా ఎత్తుకెళ్తారు. పిల్లవాడు ఫోల్డర్ చెరిపేస్తాడు, రెయిడ్ దాన్ని అన్ని డిస్కుల్లోనూ నమ్మకంగా చెరిపేస్తుంది. మెయిల్లో వచ్చిన ఫైలు తెరిస్తే, డబ్బు కోసం డేటాకు తాళం వేసే ప్రోగ్రాం ఇంటి నెట్‌వర్క్ అంతా పాకుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ అదనపు సున్నా అడ్డుపడదు. నాలుగు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే గదిలో ఉన్నంతకాలం రెయిడ్ కూడా అడ్డుపడదు.

అందుకే రెండో కాపీకి చవక డిస్కు కొనండి, దాన్ని ఊరు దాటించండి. ఎక్కడికన్నది ఆలోచించి చేయండి. అవనిగడ్డలో అత్తగారిల్లు ఉందని అక్కడ పెట్టేముందు, 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనను ఒక్కసారి తలచుకోండి. ఒకే తుపాను రెండు కాపీలనూ ముంచేంత దగ్గరలో ఉంచితే రెండో కాపీ ఉన్నట్టు కాదు. నూజివీడు మెట్ట మీద చుట్టాలుంటే అది మేలు, హైదరాబాదైతే ఇంకా మేలు. మూడు నెలలకోసారి పండక్కో పెళ్లికో వెళ్లేటప్పుడు ఒక డిస్కు ఇచ్చి ఇంకోటి తెచ్చుకునే పద్ధతి చాలా బాగా పనిచేస్తుంది. ఇంటర్నెట్ మీద పంపాలనుకుంటే ఓపిక కావాలి. సెకనుకు 50 మెగాబిట్ల లైనులో నాలుగు టెరాబైట్లు ఎక్కడానికి ఏడున్నర రోజులు ఆగకుండా నడవాలి. మొదటి కాపీ చేత్తో మోసుకెళ్లి, తర్వాతి మార్పులు మాత్రం లైను మీద పంపండి. బయటికి వెళ్లే డిస్కుకు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. పొలం కాగితాలు, ఆధార్ కాపీలు అందులో ఉంటాయి.

డిస్కు నీళ్లలో మునిగిందా? ఆరబెట్టకండి. ఇది వినగానే తప్పనిపిస్తుంది, కానీ డేటా తిరిగి తీసే ల్యాబుల వాళ్లు చెప్పేది ఇదే. మామూలు హార్డ్ డిస్కుకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది, బురద నీరు దాని గుండా లోపలికి పోతుంది. ఎండలో పెడితే ఆ బురద పళ్లాల మీద గట్టిపడి అంటుకుంటుంది. బియ్యం డబ్బాలో పెట్టినా లాభం లేదు. తడిగానే ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా మూసి ల్యాబుకు పంపండి. పనిచేస్తోందో లేదో చూద్దామని కరెంటు మాత్రం అస్సలు ఇవ్వకండి.

సర్వర్ నేల మీద ఉంటే ఇవాళే పైకి ఎక్కించండి, వీలైతే మేడ మీది గదికి. బీరువాలో పెట్టి తలుపు వేయకండి. మే నెలలో బెజవాడ గదిలోనే నలభై డిగ్రీలుంటే, మూసిన బీరువాలో నాలుగు డిస్కులు కాగితం మీది 60, 65 డిగ్రీల హద్దుకు దగ్గరవుతాయి.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రెయిడ్ రాస్తుండగా కరెంటు పోతే డేటా ఒక డిస్కులో కొత్తది, ఇంకో డిస్కులో పాతది మిగిలిపోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు మారే లోపే సర్వర్ ఆగి మళ్లీ మొదలు కావచ్చు. సర్వర్‌కు వేరే యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ తీగ సర్వర్‌కు తగిలిస్తే, బ్యాటరీ అడుగంటేలోగా సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. అదనపు సున్నా కోసం దాచిన డబ్బు యూపీఎస్‌కు ఖర్చుపెట్టండి.

బాగున్న డిస్కును ఊడబీకండి

అన్నీ అమరాక, రెండో కాపీ నూజివీడులో భద్రంగా ఉందని తేలాక, ఒక ఆదివారం పొద్దున సర్వర్ ఆపి, బాగా పనిచేస్తున్న ఒక డిస్కును బయటికి తీయండి. మళ్లీ ఆన్ చేయండి. మీకు హెచ్చరిక మెయిల్ వచ్చిందా? రాకపోతే నిజంగా డిస్కు చచ్చిన రోజునా రాదు. రెండో డిస్కు కూడా చచ్చేవరకు మీకు తెలియదు. హెచ్చరికలు సరిచేసుకోండి. ఏ డిస్కు తీశారో, దాని సీరియల్ నంబరు సర్వర్ చెప్పే నంబరుతో కలుస్తుందో లేదో చూడండి. కంగారులో బాగున్న డిస్కును పీకేసిన ఇళ్లు ఉన్నాయి. ప్రతి డిస్కు అంచు మీదా సీరియల్ చివరి నాలుగంకెలు పెద్దగా రాసి అంటించండి.

ఇప్పుడు ఖాళీ డిస్కు పెట్టి రీబిల్డ్ మొదలుపెట్టండి. ఎన్ని గంటలు పట్టిందో కాగితం మీద రాయండి. కాగితం మీది తప్పుల రేటు కంటే మీకు ఎక్కువ పనికొచ్చే అంకె అదే. ఎన్ని గంటల పాటు ఇంకో డిస్కు చావకుండా ఉండాలో అది చెబుతుంది. రోజు దాటితే, ఇంకోసారి సర్వర్ కట్టేటప్పుడు రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 వైపు వెళ్లండి, లేదా రెండేసి డిస్కులు జంటగా ఉంచే మిర్రర్ వైపు.

తర్వాత నూజివీడు కాపీ నుంచి ఒక పాత పెళ్లి ఫోల్డర్ పూర్తిగా వెనక్కి తెచ్చి, వీడియో మొదటినుంచి చివరిదాకా నడుస్తుందో లేదో చూడండి. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ లెక్కలో వేయకండి.

ఇదంతా మీ ఒక్కరికే తెలిస్తే చాలదు. ఏ డిస్కు ఎక్కడుంది, ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ ఏమిటి, సర్వర్ ఆపి మళ్లీ ఎలా ఆన్ చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి తెలుగులో, చేతిరాతతో, రెండు కాగితాల మీద రాయండి. ఒకటి ఇంట్లో ఆస్తి కాగితాలతో పాటు ఉంచండి. ఇంకోటి వేరే ఊళ్లో, మీరు పూర్తిగా నమ్మే మనిషి దగ్గర పెట్టండి. రెండో డిస్కు ఉన్న ఇంట్లోనే మాత్రం వద్దు. పాస్‌వర్డ్ మారిన రోజునే రెండు కాగితాలూ మార్చండి.